రాత్రి వేసుకున్న మలబద్ధకం మాత్ర పనిచేయలేదు, ఇంకోటి వేసుకోవచ్చా?

కొత్తచెంబు అడిగిన ప్రశ్న

నాలుగు రోజులుగా మోషన్ సరిగా లేదు. వచ్చినా మేకపెంటికల్లా నాలుగు ఉండలు, అవీ ముక్కితేనే. మగ, 46 ఏళ్లు. షుగరు లేదు. బీపీకి రోజుకో మాత్ర. మూడు వారాల కిందట ఐరన్ మాత్రలు మొదలయ్యాయి. వాంతులు, జ్వరం లేవు. గ్యాస్ మామూలుగానే పోతోంది.

నిన్న రాత్రి 10 గంటలకు బిసకోడిల్ 5 మి.గ్రా. మాత్ర ఒకటి, గ్లాసు పాలతో. అర్ధరాత్రి దాటాక పైకడుపులో మెలిపెట్టింది, వికారంగా అనిపించింది, కానీ మోషన్ మాత్రం కాలేదు. ఇప్పుడు ఉదయం 8.

ఇప్పుడు ఇంకో మాత్ర వేసుకోవచ్చా? ఇంట్లో ఇసబ్‌గోల్ పొట్టు, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా సీసా కూడా ఉన్నాయి. వాటిని దీనికి తోడుగా వాడితే త్వరగా తెములుతుందా? చీటీ లేకుండా షాపులో ఇచ్చే వాటిలో ఏది నయం? రోజూ వాడితే పేగు మందుకు అలవాటు పడిపోతుందంటారు, నిజమేనా?

మోతాదుచీటీ

ఇప్పుడు రెండోది వద్దండీ. మొదటి మాత్ర గడువే ఇంకా అయిపోలేదు. బిసకోడిల్ నోటి మాత్రకు 6 నుంచి 12 గంటలు పడుతుంది. రాత్రి 10కి వేసుకుంటే ఉదయం 10 దాకా ఆగాలి.

మీ అసలు పొరపాటు పాలు. ఆ మాత్ర మీద ఉన్న నున్నటి పొర అందానికి వేసింది కాదు. కడుపులోని ఆమ్లంలో కరగకుండా, పేగులోకి దిగాకే కరిగేలా వేస్తారు. పాలు తాగితే కడుపులో ఆమ్లం తగ్గుతుంది, దాంతో పొర అక్కడే కరిగిపోతుంది. మందు పెద్దపేగుకు చేరాల్సింది పోయి కడుపు గోడను గిల్లుతుంది. మీకు పైకడుపులో మెలిపెట్టింది, వికారం వచ్చింది, మోషన్ రాలేదు అంటే జరిగింది బహుశా అదే. అందుకే పాలకూ ఈ మాత్రకూ కనీసం గంట తేడా ఉండాలి. కడుపులో ఆమ్లాన్ని తగ్గించే యాంటాసిడ్ మందులకూ ఇదే లెక్క. నమలకూడదు, విరవకూడదు, పొడి చేయకూడదు. నీళ్లతో ఉన్నదున్నట్టుగా మింగాలి.

ఇంకో సంగతి: మిల్క్ ఆఫ్ మెగ్నీషియా కూడా యాంటాసిడ్డే. దాన్ని బిసకోడిల్‌కు తోడుగా తాగితే పాలతో వచ్చిన చిక్కే మళ్లీ వస్తుంది. చాలామందికి ఈ సంగతి తట్టదు.

ఏ మందుకు ఎంత సేపు పడుతుందో ముందు మనసులో పెట్టుకోండి. గ్లిసరిన్ సపోజిటరీకి (మలద్వారంలో పెట్టే గోళీ) 15 నిమిషాల నుంచి గంట. మిల్క్ ఆఫ్ మెగ్నీషియాకు అరగంట నుంచి 6 గంటలు. బిసకోడిల్, సెన్నా, సోడియం పికోసల్ఫేట్ మూడూ రాత్రి వేసుకుంటే పొద్దున పనిచేసే రకం, 6 నుంచి 12 గంటలు. లాక్టులోజ్ సిరప్‌కు ఒకటి రెండు రోజులు. పీఈజీ పౌడర్‌కు (మలాన్ని మెత్తబరిచే పొడి) ఒకటి నుంచి మూడు రోజులు. ఇసబ్‌గోల్‌కు 12 గంటల నుంచి మూడు రోజులు.

ఈ గంటలు తెలియకే చాలామంది దెబ్బతింటారు. సాయంత్రం ఇసబ్‌గోల్ తాగుతారు, రాత్రికి ఏమీ కాలేదని మాత్ర వేస్తారు, పొద్దున అదీ కాలేదని సిరప్ ఒంపుకుంటారు. మధ్యాహ్నానికి మూడూ ఒకేసారి తగులుకుంటాయి. పది విరేచనాలై, నీరసం వచ్చి, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. నీళ్లతో పాటు సోడియం, పొటాషియం కూడా పోతాయి. బీపీకి నీరు లాగే (మూత్రం ఎక్కువ పోయేలా చేసే) మాత్ర వాడేవాళ్లు, గుండెకు డిజాక్సిన్ వాడేవాళ్లు ఈ పని అసలు చేయకూడదు. పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది.

అంచేత ఇవాళ రాత్రి వరకూ బిసకోడిల్ ముట్టుకోకండి. పెద్దవాళ్లకు మామూలు మోతాదు రోజుకు ఒకసారి 5 నుంచి 10 మి.గ్రా., అంటే ఒకటి లేదా రెండు మాత్రలు. మొదటిసారి వాడేవాళ్లు ఒకదానితోనే మొదలుపెట్టాలి.

పీచుమనిషి

ఇసబ్‌గోల్ మంచిదే, కానీ మీకు ఇవాళ వేసుకోవాల్సింది అది కాదు. నాలుగు రోజుల సరుకు కింద గట్టిపడి కూర్చుంది. పైనుంచి ఇంకాస్త పిండి తోసినా దారి తెరుచుకోదు, ఉబ్బరం పెరుగుతుంది. మలం ఉండకట్టి ఇరుక్కుపోయినప్పుడు, పేగు ఎక్కడైనా మూసుకుపోయిందన్న అనుమానం ఉన్నప్పుడు ఇసబ్‌గోల్ వాడనే కూడదు. ముందు లోపలున్నది బయటికి రావాలి. ఆ తర్వాత మళ్లీ గట్టిపడకుండా చూసే పని దీనిది.

దీన్ని కలపడంలోనే ఎక్కువమంది తప్పు చేస్తారు. ఒక చెంచా పొట్టు గ్లాసు నీళ్లలో వేసి పక్కన పెట్టి చూడండి. కాసేపటికే అడుగున జిగురు పట్టి, మరి కాసేపట్లో గ్లాసు వంచినా జారనంత ముద్ద అవుతుంది. ఆ ఉబ్బడం పేగులో జరిగితే మేలు, గొంతులో జరిగితే ప్రమాదం. నీళ్లు చాలకుండా పొట్టు మింగిన వాళ్లకు అన్నవాహికలో అడ్డుపడిన సందర్భాలున్నాయి. కాబట్టి 3.5 గ్రాముల మోతాదుకు కనీసం 150 మి.లీ. నీళ్లు, వీలైతే పెద్ద గ్లాసు నిండా 240 మి.లీ. వేసి కలిపిన వెంటనే తాగేయాలి. అడుగున మిగిలినదాన్ని ఇంకొన్ని నీళ్లతో కలిపి అదీ తాగాలి. కూర్చునో నిలబడో తాగాలి గానీ పడుకునే ముందు వద్దు. మింగడం కష్టంగా ఉండేవాళ్లకు ఇది సరిపడదు.

చెంచా లెక్కను నమ్మకండి. పొట్టు తేలిక, మెత్తగా దంచిన పొడి బరువు. ఒకే చెంచాలో రెండూ ఒకే బరువు తూగవు. ప్యాకెట్ మీద ఒక మోతాదు ఎన్ని గ్రాములో చూసి, ఒకసారి తూకం వేసి, మీ చెంచాలో అది ఎంత వస్తుందో గుర్తు పెట్టుకోండి.

మొదటి వారం రోజుకు ఒక్కసారే. గ్యాస్, ఉబ్బరం మామూలే, వారం పది రోజుల్లో తగ్గుతాయి. తర్వాత అవసరాన్ని బట్టి రెండుసార్లు, మూడుసార్లు. మొదటి రోజే మూడుసార్లు తాగి కడుపు డోలులా అయ్యాక 'నాకు పడదు' అని వదిలేసేవాళ్లే ఎక్కువ. మిగతా మందులకూ దీనికీ రెండు గంటల తేడా ఉంచండి. జిగురులో చిక్కుకుంటే ఆ మందులు ఒంటికి సరిగా పట్టవు.

నొప్పికి ట్రమడాల్, కోడీన్ లాంటివి వాడుతూ మలబద్ధకం తెచ్చుకున్నవాళ్లకు ఇసబ్‌గోల్ పనికిరాదు. ఆ మందులు పేగు కదలికనే మందగింపజేస్తాయి. కదలని గొట్టంలో పిప్పి నింపినట్టవుతుంది. వాళ్లకు పీఈజీ గానీ, సెన్నా, బిసకోడిల్ గానీ సరిపోతాయి.

కొత్తచెంబు

థాంక్సండీ. పాల సంగతి అస్సలు తెలియదు. ఇప్పుడు 11 దాటింది, కొంచెం మోషన్ అయింది, గట్టిగానే ఉంది, ఇంకా లోపల ఉన్నట్టే ఉంది. మరి మిల్క్ ఆఫ్ మెగ్నీషియా బీపీ ఉన్నవాళ్లు వాడొచ్చా? షాపులో ఎనిమా (మలద్వారం నుంచి ఎక్కించే మందు) సీసా కూడా ఉందట, అదైతే వెంటనే తెములుతుందట.

వడపోత

బీపీ ఒక్కటే అయితే మెగ్నీషియాకు అడ్డు కాదు. చూసుకోవాల్సింది కిడ్నీ. ఒంట్లోకి చేరిన మెగ్నీషియాన్ని బయటికి పంపేది అదే. కిడ్నీ బాగుంటే ఒకటి రెండు రోజులు వాడటంలో ఇబ్బంది లేదు. దెబ్బతిన్నదైతే మెగ్నీషియం రక్తంలో పేరుకుంటుంది: మగత, కండరాల్లో సత్తువ లేకపోవడం, బీపీ పడిపోవడం, గుండె నెమ్మదించడం. ఏళ్ల తరబడి బీపీ ఉండి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎప్పుడూ చూపించుకోనివాళ్లకు తమ కిడ్నీ ఎలా ఉందో తెలిసే వీల్లేదు. అలాంటివాళ్లు ఈ సీసా పక్కన పెట్టడమే మేలు.

మోతాదు విషయం. మామూలు సీసాలో ప్రతి 5 మి.లీ.కి 400 మి.గ్రా. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. దానికి పెద్దవాళ్ల మోతాదు రోజుకు 30 నుంచి 60 మి.లీ. అదే పేరుతో రెండింతలు, మూడింతలు గాఢత ఉన్నవీ దొరుకుతాయి, కాబట్టి 'రెండు మూతలు' అనే లెక్క ఒక సీసా నుంచి ఇంకో సీసాకు పనికిరాదు. లేబుల్ చదవండి, సీసా బాగా కుదపండి, కొలత కప్పుతోనే పోయండి, తాగాక ఇంకో గ్లాసు నీళ్లు తాగండి.

లేబుల్ వెనక ఇంకో పేరు కూడా వెతకండి: లిక్విడ్ పారఫిన్. తెల్లగా పాలలా ఉండే సిరప్‌లు చాలావాటిలో మెగ్నీషియాతో పాటు ఇదీ కలిపి ఉంటుంది, కొన్నిట్లో సోడియం పికోసల్ఫేట్ కూడా. అలాంటి సిరప్ తాగి పైన బిసకోడిల్ వేసుకుంటే తెలియకుండానే మూడు నాలుగు మందులు వాడినట్టు. పారఫిన్ నూనె పడుకుని తాగకూడదు. ఊపిరితిత్తుల్లోకి జారితే నూనె వల్ల వచ్చే ఒక మొండి న్యుమోనియా పట్టుకుంటుంది. ఎక్కువ రోజులు వాడితే ఏ, డీ, ఈ, కే విటమిన్లు ఒంటికి పట్టవు.

మెగ్నీషియా మీ ఐరన్‌తో కూడా పడదు, ఐరన్ పట్టడాన్ని తగ్గిస్తుంది. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లు కూడా కొన్ని గంటల తేడా పాటించాలి. థైరాయిడ్ మాత్రకైతే నాలుగు గంటలు.

ఇక ఎనిమా. షాపుల్లో దొరికే చిన్న సీసా చాలాసార్లు సోడియం ఫాస్ఫేట్. దీని మీద అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2014లో ప్రత్యేకంగా హెచ్చరిక ఇచ్చింది: 24 గంటల్లో ఒక మోతాదుకు మించి వాడితే ఒంట్లో నీరు, లవణాలు తలకిందులై కిడ్నీ, గుండె దెబ్బతినొచ్చు, మరణాలూ జరిగాయి అని. 55 దాటినవాళ్లు, కిడ్నీ జబ్బున్నవాళ్లు, నీరు లాగే మాత్రలు వాడేవాళ్లు, 'ప్రిల్', 'సార్టాన్' అని ముగిసే బీపీ మాత్రలు వాడేవాళ్లు, నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటివి మింగేవాళ్లు ముందు డాక్టరును అడగాలి. మీ బీపీ మాత్ర పేరు చివర ఏముందో చూశారా? అసలు ప్రమాదం ఎక్కడంటే, ఎనిమా ఇచ్చాక నీరు తిరిగి బయటికి రాకపోతే 'పనిచేయలేదు' అని రెండోది ఎక్కిస్తారు. లోపల ఉండిపోయిన మొదటిదే ఒంట్లోకి ఇంకుతున్న సమయం అది. అరగంటలో బయటికి రాకపోతే రెండోది కాదు, ఆస్పత్రి.

ఓపికపౌడర్

మీ పరిస్థితిలో నా ఓటు పీఈజీ పౌడర్‌కే. పూర్తి పేరు పాలీఇథైలీన్ గ్లైకాల్ 3350, కొన్ని పెట్టెల మీద మ్యాక్రోగాల్ అని రాస్తారు. ఇది పేగును గిల్లదు, ఒంటికి పట్టదు. నీటిని తనతో పట్టుకుని కిందిదాకా తీసుకెళ్తుంది, మలం మెత్తబడుతుంది. 2023లో అమెరికా గ్యాస్ట్రో వైద్యుల రెండు సంఘాలు కలిసి ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలపు మలబద్ధకానికి దీన్ని గట్టిగా సిఫారసు చేశారు.

17 గ్రాములు, రోజుకు ఒకసారి, 120 నుంచి 240 మి.లీ. నీళ్లలో. పూర్తిగా కరిగి నీళ్లు తేటపడేదాకా కలపండి. ఎలక్ట్రొలైట్లు (లవణాలు) కలిపిన సాచెట్లయితే ఒక్కోదాంట్లో 13 గ్రాముల చిల్లర ఉంటుంది, 125 మి.లీ. నీళ్లు సరిపోతాయి, రుచి ఉప్పగా ఉంటుంది. మొదటి రోజే ఫలితం చూడకండి. మూడు రోజులు వరసగా వాడాకే పనిచేసిందా లేదా అన్న మాట.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. ఇదే మందు పెద్ద ప్యాకెట్లలోనూ వస్తుంది, నూరు గ్రాములకు పైనే, రెండు లీటర్ల నీళ్లలో కలిపేది. అది కొలనోస్కోపీకి (పెద్దపేగును కెమెరాతో చూసే పరీక్ష) ముందు పేగు కడగడానికి. పేరు ఒకటే కదా అని అది తెచ్చుకుంటే ఆ రోజంతా బాత్‌రూమ్‌లోనే. మీకు కావాల్సింది ఒక మోతాదు సాచెట్, లేదా 17 గ్రాముల గీత ఉన్న మూతతో వచ్చే డబ్బా.

మూడో రోజుకీ కాకపోతే ఆ రాత్రి బిసకోడిల్ 5 మి.గ్రా., నీళ్లతో, ఒక్కసారి. పౌడర్ ఆపనక్కర్లేదు. ఈ రెండూ పనిచేసే తీరు వేరు కాబట్టి ఇలా ఒకదానికి ఒకటి సాయం పట్టొచ్చు. నీళ్లలా అయితే పౌడర్ ఒక రోజు మానేసి సగం మోతాదుతో మళ్లీ మొదలుపెట్టండి.

ఇప్పుడు అందరూ బోల్తా పడే చోటు చెబుతాను. గట్టి మోతాదు వేసుకుని పేగు మొత్తం ఖాళీ అయ్యాక, తర్వాతి రెండు మూడు రోజులు మోషన్ రాకపోవడం మామూలు. పెద్దపేగు మళ్లీ నిండాలి కదా! అక్కడ ఆగలేక 'మళ్లీ బిగిసింది' అని ఇంకో మాత్ర వేస్తారు, మళ్లీ ఖాళీ, మళ్లీ రెండు రోజుల విరామం, మళ్లీ మాత్ర. రోజూ మాత్ర లేకపోతే అవదనే నమ్మకం చాలాసార్లు ఇలాగే మొదలవుతుంది. అసలు రోజూ అయి తీరాలన్న రూలు లేదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా మామూలే. లెక్క కన్నా రూపం ముఖ్యం. బ్రిస్టల్ స్కేల్ అని 1997లో వచ్చిన ఒక చార్టు ఉంది, మలాన్ని రూపాన్ని బట్టి ఏడు రకాలుగా విడదీస్తారు. 1 మేకపెంటికలు, 2 ఉండలు అతుక్కున్న ముద్ద. 3, 4 సరైనవి. 7 పూర్తిగా నీళ్లు. మీది ప్రస్తుతం 1.

మోతాదుచీటీ

ఓపికపౌడర్ గారు చెప్పిన ఖాళీ రోజుల మాట నిజం. అలవాటు భయం గురించి ఒక మాట కలుపుతాను. సెన్నా, బిసకోడిల్ సరైన మోతాదులో వాడితే పేగు 'సోమరి' అయిపోతుందని చూపే గట్టి ఆధారం లేదు. ఏళ్ల తరబడి సెన్నా వాడితే పేగు లోపలి పొర గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆపేస్తే నెమ్మదిగా పోతుంది, క్యాన్సర్ కాదు. మూత్రం కూడా పసుపు గోధుమ, ఎర్ర ఛాయకు మారొచ్చు, కంగారు పడక్కర్లేదు. అలాగని సొంతంగా నెలల తరబడి వాడమని కాదు. వారం దాటి అవసరం పడుతోందంటే కారణం ఏమిటో ఎవరో ఒకరు చూడాలి.

'ప్రకృతి సిద్ధం, దుష్ఫలితాలు లేవు' అని అమ్మే పొడుల పెట్టె వెనక చదవండి, చాలావాటిలో ఉండేది సెన్నాయే. మొక్క నుంచి వచ్చినంత మాత్రాన మోతాదు లేకుండా పోదు. కలబంద పసరు, కాస్కరా బెరడు కూడా మొక్కల సరుకే. భద్రత చూపే సమాచారం చాలక 2002లో ఎఫ్‌డీఏ వాటిని చీటీ లేకుండా అమ్మే విరేచన మందుల్లోంచి తీసేసింది.

సోడియం పికోసల్ఫేట్, సెన్నా రెండిటికీ పేగులోని బ్యాక్టీరియా సాయం కావాలి, అవి విడగొట్టాకే మందు పనిచేస్తుంది. యాంటీబయాటిక్ కోర్సులో ఉన్నవాళ్లకు ఫలితం తగ్గితే మోతాదు పెంచేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోండి.

కిందిమెట్టు

లోపల ఇంకా ఉన్నట్టుంది అన్నారు కాబట్టి సపోజిటరీ గురించి. ఎవరూ సరిగా చెప్పరు, సిగ్గుపడతారు.

గోళీ మలంలోకి దిగబడితే పనిచేయదు, మలద్వారం లోపలి గోడకు తగలాలి. రేపర్ తీసేయండి (ఇది మరిచిపోయేవాళ్లూ ఉన్నారు). ఎడమ పక్కకు పడుకుని, పై మోకాలు పొట్టవైపు మడిచి, గోళీని చన్నీళ్లతో తడిపి, వేలు లోపలికి వెళ్లేంతవరకూ ఒక పక్కగా గోడ వెంబడి నెట్టాలి. తర్వాత 15, 20 నిమిషాలు పడుకుని ఉండాలి. గ్లిసరిన్‌దైతే గంటలోపు, బిసకోడిల్ 10 మి.గ్రా. గోళీ అయితే 15 నుంచి 60 నిమిషాల్లో పని అవుతుంది. చీలికలుండి రక్తం వస్తుంటే బిసకోడిల్ గోళీ పెట్టకండి, భగ్గున మండుతుంది.

కూర్చోవడం కూడా మందులో భాగమే. కమోడ్ అయితే కాళ్ల కింద 15, 20 సెం.మీ. పీట వేసుకుని మోకాళ్లు తుంటి కన్నా పైకి వచ్చేలా, ముందుకు కొంచెం వంగి. ఉదయం తిన్నాక పావుగంట, అరగంటలో పేగు తనంతట తానే కదులుతుంది, ఆ వేళను వదులుకోకండి. ఐదు పది నిమిషాలు మించి కూర్చుని ముక్కొద్దు. ఫోను బయట పెట్టండి.

పీచుమనిషి

ఈ చర్చ చదివే ఇతరుల కోసం క్లుప్తంగా. గర్భిణులు ఆముదం, పారఫిన్ నూనె ముట్టుకోకూడదు. పీచు, తర్వాత లాక్టులోజ్ లేదా పీఈజీ, అవీ డాక్టరుకు చెప్పే. చిన్నపిల్లలకు పెద్దవాళ్ల మాత్రను సగం చేసి ఇవ్వడం, ఇంట్లో ఎనిమా ఎక్కించడం రెండూ తప్పు. వాళ్ల మోతాదు బరువును బట్టి డాక్టరు రాస్తారు. మింగడం కష్టమై, నీళ్లను చిక్కబరిచే పిండి కలుపుకుని తాగే పెద్దవాళ్లకు పీఈజీ ఇస్తే ఆ చిక్కదనం విరిగి మళ్లీ పల్చనైపోతుంది, పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. 2021లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ దీని మీద హెచ్చరించింది.

మంచం పట్టిన పెద్దవాళ్లలో ఇంకో మోసం: రోజుల తరబడి బిగుసుకుని ఉండి, ఉన్నట్టుండి నీళ్లలా కారుతుంది. విరేచనాలనుకుని లోపెరమైడ్ ఇస్తారు. నిజానికి గట్టి ముద్ద అడ్డంగా ఉండి దాని పక్కనుంచి నీరు మాత్రమే జారుతుంటుంది. మాత్ర ఇచ్చినకొద్దీ ముద్ద ఇంకా బిగుసుకుంటుంది. అది చేత్తో చూసి తేల్చాల్సిన విషయం, ఇంట్లో తేలేది కాదు.

వడపోత

ఇంతసేపూ అందరం మందుల గురించే మాట్లాడాం. నాకు మొదటి నుంచీ మనసులో మెదులుతున్న ప్రశ్న వేరు. కొత్తచెంబు గారూ, ఐరన్ ఎందుకు మొదలుపెట్టారు?

ఐరన్ మలబద్ధకం తెస్తుంది, అది అందరికీ తెలిసిందే, లెక్క ప్రకారం మీ సమస్యకు కారణం అదే కావచ్చు. కానీ 46 ఏళ్ల మగవాళ్లకు నెలసరి లేదు, కాన్పులు లేవు. రక్తం ఎందుకు తగ్గింది? దానికి తోడు మోషన్ తీరు మారింది. ఈ రెండూ విడివిడిగా వస్తే ఒక మాట, కలిసి వస్తే ఇంకో మాట.

కొత్తచెంబు

నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 9.8 వచ్చింది. ఐరన్ తక్కువుందని మాత్రలు రాశారు. కారణం ఏమిటని నేనూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. మలం మాత్రం నల్లగానే ఉంది, ఐరన్ వల్లనే అనుకున్నాను. మోషన్ తేడా ఐరన్‌కు ముందు కూడా నెల రోజులుగా కొంచెం ఉంది, ఇంత కాదు.

వడపోత

ఆఖరి వాక్యంతో లెక్క మారిపోయింది. ఐరన్‌కు ముందే మొదలైనదాన్ని ఐరన్ మీదకు నెట్టలేం.

మగవాళ్లకు హిమోగ్లోబిన్ 13 కన్నా తక్కువుంటే రక్తహీనత కింద లెక్క. మగవాళ్లలోనూ, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలోనూ ఐరన్ లోపం వల్ల వచ్చిన రక్తహీనతకు కారణం దొరక్కపోతే, పైనుంచీ కిందనుంచీ రెండు వైపులా ఎండోస్కోపీ చేసి చూడటం పద్ధతి. కారణం అల్సర్ కావచ్చు, మొలలు కావచ్చు, ఐరన్ ఒంటికి పట్టకపోవడం కావచ్చు, పెద్దపేగులో గడ్డ కావచ్చు. ఏదో ఒకటి ఊహించి వదిలేసేది మాత్రం కాదు. ఈ వారంలోనే గ్యాస్ట్రో డాక్టరు దగ్గరికి వెళ్లండి.

నలుపులో తేడా ఇదీ. ఐరన్ వల్ల వచ్చేది ముదురు ఆకుపచ్చ కలిసిన నలుపు, మలం ఆకారం మామూలుగానే ఉంటుంది. పేగులో పైనుంచి రక్తం కారితే వచ్చేది తారులాంటి నలుపు: నిగనిగలాడుతుంది, జిగురుగా అంటుకుంటుంది, నీళ్లు పోసినా తేలిగ్గా వదలదు, వాసన భరించలేం. అలాంటిది కనిపించినా, ఎర్ర రక్తం ఎక్కువగా పడినా, కడుపు ఉబ్బి గ్యాస్ కూడా పోకుండా ఆగి వాంతులు మొదలైనా, వారం ఆగొద్దు, ఆ గంటలోనే ఎమర్జెన్సీకి. ఆ స్థితిలో ఏ విరేచన మందూ వేసుకోకూడదు.

కొత్తచెంబు

తారులా లేదు, ఆకుపచ్చ నలుపే. ఎల్లుండికి అపాయింట్‌మెంట్ దొరికింది. బీపీ మాత్ర పేరు చివర 'సార్టాన్' ఉంది, కాబట్టి ఎనిమా జోలికి వెళ్లను. ఈ రెండు రోజులు పీఈజీ వాడొచ్చా? ఐరన్ ఆపేయనా?

ఓపికపౌడర్

వాంతులు, నొప్పి లేవు, గ్యాస్ పోతోంది కాబట్టి 17 గ్రాములు రోజుకు ఒకసారి వాడొచ్చు. బిసకోడిల్, మెగ్నీషియా రెండూ పక్కన పెట్టేయండి. ఐరన్ మీ అంతట మీరు ఆపొద్దు, డాక్టరునే అడగండి. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతీ ఉంది, కొందరికి దాంతో కడుపు ఇబ్బంది తగ్గుతుంది.

వెళ్లేటప్పుడు రక్తపరీక్ష కాగితాలు పట్టుకెళ్లండి, అందులో ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది), క్రియాటినిన్ చేశారో లేదో చూసుకోండి. ఒక చీటీ మీద ఈ నెల రోజుల సంగతి రాయండి: మోషన్ అయిన రోజులు, బ్రిస్టల్ నంబరు, బరువు తగ్గిందా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉందా, వాడే ప్రతి మందు పేరు, నిన్నటి బిసకోడిల్‌తో సహా.

వడపోత

కొలనోస్కోపీ తేదీ ఇస్తే ఐరన్, ఇసబ్‌గోల్ ఎన్ని రోజుల ముందు ఆపాలో అక్కడే అడిగి రాయించుకోండి. ఐరన్‌ను మామూలుగా వారం ముందే ఆపిస్తారు. నల్లటి జిగురు పేగు గోడకు అంటుకుని ఉంటే ఎంత కడిగినా కెమెరాకు గోడ కనిపించదు, మళ్లీ ఇంకో రోజు రమ్మంటారు. రెండు లీటర్ల పెద్ద ప్యాకెట్ అవసరం అప్పుడు వస్తుంది, ఎలా తాగాలో వాళ్లిచ్చిన కాగితం ప్రకారమే తాగండి.